మద్దెల నిజంగానే ఓడైతే?

“ఆడలేక మద్దెల ఓడు” అన్న సామెతను మనం ఎప్పుడూ ఎదుటివాళ్ల మీదే వాడతాం. మార్కులు తగ్గి పేపరు కష్టంగా వచ్చిందన్న పిల్లాడి మీదా, వ్యాపారం పడిపోయి సెంటరు బాలేదన్న బావమరిది మీదా ఠక్కున విసిరేస్తాం. నవ్వుకుంటాం. పని అయిపోయిందనుకుంటాం.

కానీ ఆ సామెత ఒక సంగతి వదిలేసింది. ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడై ఉంటుంది. ఒక్కోసారి మద్దెలా ఓడే, ఆటా అంతంతే. అప్పుడు ఎవరిది ఎంత తప్పో తేల్చేదెలా? తేల్చుకోకపోతే రెండే మిగులుతాయి. ఏం జరిగినా నా తప్పే అని కుమిలిపోవడం ఒకటి, ఏం జరిగినా నా తప్పు కాదని దులిపేసుకోవడం ఇంకొకటి. రెండిటివల్లా పని బాగుపడదు.

ఈ లెక్క తేల్చుకునే పద్ధతి నాకు ఏ వ్యక్తిత్వ వికాస తరగతిలోనూ దొరకలేదు. ఉద్యోగరీత్యా అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, ఊరి చివర ఒక రైఫిల్ క్లబ్బులో దొరికింది.

బల్ల మీది ఆట

అక్కడ ఆడే ఆట పేరు బెంచ్‌రెస్ట్. కదలని కాంక్రీటు బల్ల ఉంటుంది. దాని మీద ముందొక ఇసుక సంచి, వెనకొక ఇసుక సంచి. రైఫిల్‌ని వాటి మీద పడుకోబెట్టి, స్టూలు మీద కూర్చుని కాలుస్తారు. మోసే బరువు లేదు, వణికే చెయ్యి లేదు. మనిషి వైపు నుంచి వచ్చే పొరపాట్లు వీలైనన్ని తీసేస్తే మిగిలేవి తుపాకీ, తూటా, గాలి, ఎప్పుడు కాల్చాలన్న నిర్ణయం. ఆ నాలుగింటి పరీక్షే ఈ ఆట.

నేను ఆడింది దానిలో చిన్న రకం, పాయింట్ టూ టూ రైఫిల్‌తో. గుండు మందం 5.6 మిల్లీమీటర్లు, బరువు రెండున్నర గ్రాములకు కాస్త ఎక్కువ. లక్ష్యం 50 మీటర్ల దూరం. ఒక అట్ట మీద 25 చిన్న చిన్న వలయాలుంటాయి, ఒక్కోదానికి ఒక్కటే గుండు. అన్నీ పదులైతే 250. ఒలింపిక్స్‌లో బెంచ్‌రెస్ట్ లేదు. కానీ 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే మనకు కాంస్యం తెచ్చిన 50 మీటర్ల రైఫిల్ పోటీలో వాడేదీ ఈ తూటానే. మన హైదరాబాద్ గగన్ నారంగ్ కూడా ఆ పోటీలో ప్రపంచ స్థాయిలో ఆడినవాడే.

నా మొదటి శనివారం

పాత రైఫిల్ ఒకటి కొన్నాను. మొదటి రోజు ఒకే గురి మీద అయిదు గుళ్లు కాలిస్తే (దీన్నే గ్రూపు అంటారు), వాటి మధ్య ఎడం 12 మిల్లీమీటర్లు వచ్చింది. పక్క బల్ల మీద కాల్చేవాళ్లవి ఒకే చిల్లులా కనిపిస్తున్నాయి. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది.

ఆ శనివారం పొద్దున్నే వెళ్లి పని మొదలెట్టాను. తూటాల రకం మార్చాను. ట్రిగ్గర్ ఇంకా తేలిక చేశాను. గురి చూసే స్కోప్‌ని కాస్త ముందుకి జరిపాను. బ్యారెల్ మూతికి బిగించే ట్యూనర్ అనే బరువుని నాలుగు గీతలు తిప్పాను. మధ్యాహ్నానికి ఎడం 20 మిల్లీమీటర్లకు పెరిగింది. అన్నీ వెనక్కి తిప్పుదామంటే ఎక్కడ్నుంచి ఎంత తిప్పానో గుర్తులేదు.

మెషిన్ షాపులో నలభై ఏళ్లు పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకాయన అప్పటిదాకా చూస్తూ కూర్చున్నాడు. లేచి నా దగ్గరికొచ్చి, నీ నోటుబుక్కేది అని అడిగాడు. లేదన్నాను. బోల్టు బయటికి తీయించి, తూటా లేదని రెండుసార్లు చూశాడు. తర్వాత స్కోప్ వెనక కొసను బొటనవేలితో మెల్లగా పక్కకి నొక్కాడు. నా కంటికి ఏమీ కదల్లేదు. వేలు స్కోప్‌కీ దాని కింది దిమ్మకీ మధ్య అతుకు మీద పెట్టి మళ్లీ నొక్కమన్నాడు. వెంట్రుకవాసి కదలిక వేలికి తెలిసింది. ఒక మర వదులు. అర చుట్టు బిగిస్తే సరిపోయింది.

నేను ఉదయం నుంచి మార్చిన నాలుగింటిలోనూ తప్పు లేదు. కదిలేదాన్ని వదిలేసి, కదలనివాటినన్నింటినీ కదిపాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ నవ్వింది. “మీరు మొదటిసారి పులుసు పెట్టినప్పుడూ ఇంతేగా,” అంది. నిజమే. ఉప్పెక్కువైందని నీళ్లు, పల్చబడిందని చింతపండు, పులుపెక్కిందని బెల్లం, తియ్యగైందని కారం. చివరికి గిన్నెడు పులుసు రెండు గిన్నెలైంది, మొదట ఏం తక్కువైందో మాత్రం తెలియలేదు.

మొదటి సూత్రం: కదిలేవాటిని ముందు కట్టెయ్యండి

రైఫిల్ సరిచేయడానికి ఒక వరస ఉంది. ఆ వరస దాటితే ఎంత ఖర్చుపెట్టినా వృథా.

ముందు బిగుతు. స్కోప్ మరలు, చెక్కని ఇనుముతో కలిపే మరలు టార్క్ రెంచితో ప్రతిసారీ ఒకే బిగుతుకి తేవాలి. చేత్తో “గట్టిగా” బిగించడం కొలత కాదు. సోమవారం గట్టిదనం వేరు, భోంచేశాక గట్టిదనం వేరు.

రెండోది ఆనిక. ఇనుప భాగం స్టాక్ అనే చెక్క భాగంలో ఎక్కడా ఒరగకుండా, ఒత్తుకోకుండా కూర్చోవాలి. దానికోసం మధ్యలో ఎపాక్సీ పోసి అచ్చు తీసినట్టు కూర్చోబెడతారు. బ్యారెల్ మాత్రం చెక్కకి తగలకుండా గాల్లో నిలవాలి. దీనికి క్లబ్బులో వాడే పరీక్ష పైసా ఖర్చు లేనిది. ఒక డాలరు నోటుని బ్యారెల్ కిందుగా దూర్చి వెనక్కి లాగుతారు. ఎక్కడ ఆగితే అక్కడ చెక్క తగులుతోందన్నమాట.

మూడోది చూపు. స్కోప్‌లో చూస్తూ, రైఫిల్‌ని ముట్టుకోకుండా తల మాత్రం అటూ ఇటూ జరపండి. లక్ష్యం మీద స్కోప్ గుర్తు కూడా జరుగుతుంటే ఫోకస్ సరిగా లేదు. అలాంటప్పుడు మీరు తల పెట్టిన చోటుని బట్టి గురి మారిపోతుంది.

బ్యారెల్ మార్చడం, ఎపాక్సీ పోయడం, ట్రిగ్గర్ విప్పడం లైసెన్సున్న గన్‌స్మిత్ పని. మన దేశంలోనైతే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేనిదే పాయింట్ టూ టూ రైఫిల్‌ని దగ్గరుంచుకోకూడదు. ఆసక్తి ఉన్నవాళ్లు షూటింగ్ అకాడమీ ద్వారా, కోచ్ కళ్లెదుటే మొదలుపెట్టాలి.

ఇప్పుడు ఇంటర్ చదివే మీ అబ్బాయి సంగతి చూడండి. లెక్కల్లో మార్కులు తగ్గాయి. ఒకే వారంలో ట్యూషన్ మార్చారు, ఫోన్ లాగేసుకున్నారు, నాలుగింటికి లేపారు, కొత్త పుస్తకం కొన్నారు. వాడు రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడో, బోర్డు కనబడుతోందో లేదో ఎవరూ అడగలేదు. నిద్ర, కళ్లు, కూర్చునే చోటు, ఇవీ మరలు. ముందు వాటి మీద వేలు పెట్టి నొక్కి చూడాలి.

రెండో సూత్రం: ఒకసారికి ఒక్కటే

ఈ పద్ధతికి తాతలాంటి మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు ఫ్రాంక్లిన్ మాన్, అమెరికా మసాచుసెట్స్‌లో ఉండేవాడు. వైద్యం చదివాడు గానీ జీవితంలో ఎక్కువ భాగం ఒకే ప్రశ్న మీద గడిపాడు. ఒకే తుపాకీ, ఒకే రకం తూటాలు, ఒకే గురి. అయినా గుళ్లు ఒకే చోట ఎందుకు పడవు?

మనిషి చెయ్యి అనుమానం రాకుండా పెద్ద సిమెంటు దిమ్మ కట్టించి, దాని మీద బ్యారెల్‌ని కూర్చోబెట్టాడు. దాన్ని ‘షూటింగ్ జిబ్రాల్టర్’ అని పిలిచేవాడు. గుండు దారి పొడుగునా పల్చటి కాగితం తెరలు కట్టి, అది ఎక్కడ ఒరిగిందో చిల్లుల్ని బట్టి చూసేవాడు. తర్వాత కావాలనే గుళ్లను పాడుచేయడం మొదలెట్టాడు, కొన్నిటి ముందు కొసని, కొన్నిటి వెనక భాగాన్ని.

మనమైతే ఏమనుకుంటాం? కొస పాడైతే గుండు దారి తప్పుతుందనుకుంటాం. మాన్ చూసింది వేరు. కొస నలిగిన గుళ్లు అంతగా చెదరలేదు. వెనక భాగం వంకరైనవి దారుణంగా చెదిరాయి. బ్యారెల్ వదిలే ఆఖరి క్షణంలో వెనకనున్న వాయువు గుండుని అన్ని వైపులా సమంగా నెట్టాలి. ఆ వెనక భాగం, అంటే గుండు మడమ, వంకరైతే ఆ తోపు ఒక పక్కకి పోతుంది. ఏళ్ల తరబడి చేసిన ఈ ప్రయోగాలన్నీ 1909లో పుస్తకంగా వేశాడు.

ఒకేసారి కొసనీ మడమనీ రెండిటినీ పాడుచేసి ఉంటే ఈ సంగతి ఆయనకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇప్పటికీ రైఫిల్ వాళ్లు బ్యారెల్ మూతి అంచుని కళ్లలో పెట్టుకుని కాపాడతారు. కారణం ఇదే. చెవులు తుడుచుకునే దూదిపుల్ల తీసుకుని ఆ అంచు చుట్టూ తిప్పండి. ఎక్కడైనా దూది పోగు పట్టుకుందంటే అక్కడ చిన్న గీరు ఉంది. కంటికి కనబడనిది దూదికి దొరుకుతుంది. నాకు ఆ పెద్దాయన నేర్పిన రెండో పాఠం అది.

మూడో సూత్రం: ముడిసరుకు తర్వాతే మెరుగు

రైఫిల్ ఎంత ఖరీదైనదైనా తూటా సరిపడకపోతే ఏమీ చేయలేం. ఈ చిన్న తూటాని ఇంట్లో మళ్లీ నింపుకునే వీలు లేదు, ఫ్యాక్టరీ ఇచ్చిందే వాడాలి. పోటీ తూటాల్లో గుండు సెకనుకు సుమారు 330 మీటర్ల వేగంతో వెళ్తుంది, అంటే శబ్దం కన్నా కాస్త తక్కువ. 50 మీటర్లు చేరడానికి సెకనులో ఆరో వంతు పడుతుంది. ఆ కాసేపట్లోనే భూమి దాన్ని దాదాపు 12 సెంటీమీటర్లు కిందికి లాగుతుంది. ఇప్పుడు ఒక తూటా ఇంకొకదాని కన్నా సెకనుకు 5 మీటర్లు నెమ్మదిగా వెళ్లిందనుకోండి. అది మూడు నాలుగు మిల్లీమీటర్లు కిందికి పడుతుంది. లోపలి వలయం తప్పడానికి అది చాలు.

అందుకే ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే ధర ఉన్నా, పెట్టె మీద లాటు నంబరు చూస్తారు. ఒక రైఫిల్‌కి నచ్చిన లాటు పక్క రైఫిల్‌కి నచ్చదు. నాలుగైదు లాట్ల నుంచి ఒక్కో పెట్టె కొని, కాల్చి, నప్పినదాన్ని ఏడాదికి సరిపడా కొనేస్తారు. ఈలీ, లాపువా లాంటి కంపెనీలు ఇందుకోసమే పరీక్షా కేంద్రాలు నడుపుతాయి.

ఇందులో ఒక కిటుకుంది. తూటా మార్చగానే వచ్చిన మొదటి ఫలితాన్ని నమ్మకూడదు. ప్రతి రకం గుండుకీ పూతగా ఒక మైనం ఉంటుంది. బ్యారెల్ లోపల పాత మైనం పోయి కొత్తది పట్టడానికి కొన్ని గుళ్లు కాల్చాలి. శుభ్రం చేసిన వెంటనే కూడా అంతే, కొన్ని కాలిస్తేగానీ కుదురుకోదు. కొత్త అలవాటు మొదలెట్టి మూడు రోజుల్లో “నాకిది పడదు” అనేవాళ్లని చూసినప్పుడల్లా నాకు ఈ మైనం గుర్తొస్తుంది.

నాలుగో సూత్రం: శ్రుతి చివర్లో

ట్యూనర్ గురించి చెప్పాను కదా, బ్యారెల్ మూతికి బిగించే బరువు. తూటా పేలగానే బ్యారెల్ తీగలా కంపిస్తుంది, మూతి పైకీ కిందికీ ఊగుతుంది. వేగంగా వెళ్లే గుండు ముందు బయటపడుతుంది, నెమ్మదిది ఒక పిసరు ఆలస్యంగా. మూతి పైకి లేస్తున్న క్షణంలోనే అవి బయటపడేలా బరువుని సర్దగలిగితే, నెమ్మది గుండు కాస్త పైచూపుతో బయల్దేరుతుంది. 50 మీటర్ల దగ్గరికొచ్చేసరికి రెండూ ఒకే ఎత్తులో కలుస్తాయి. తూటాల్లో మిగిలిన తేడాని బ్యారెల్ ఊపు సర్దేస్తుందన్నమాట.

కచేరీకి ముందు మృదంగ విద్వాంసుణ్ని చూశారా? ఎడమ మూతికి తడిపిన రవ్వ ముద్ద అంటించి, ఒకసారి వాయించి వింటాడు. చిటికెడు తీస్తాడు, మళ్లీ వింటాడు. ట్యూనర్ పని అచ్చం ఇదే. ఒక గీత తిప్పి, అయిదు కాల్చి, రాసుకోవాలి. గుళ్లు నిలువుగా చెదరడం ఎక్కడ తగ్గిందో అక్కడ ఆపి, ఇక ముట్టుకోకూడదు.

అయితే మద్దెల చర్మం చిరిగి ఉంటే ఎంత రవ్వ పెట్టినా నాదం రాదు. మరలు వదులుగా ఉన్న రైఫిల్‌కి నేను ట్యూనర్ తిప్పింది అలాంటి పనే. బయోడేటా అందంగా దిద్దుకోవడం, కొత్త యాప్‌లో టైమ్‌టేబుల్ వేసుకోవడం, ఇవన్నీ రవ్వ ముద్దలు. చర్మం సరిచూసుకున్నాకే వాటి జోలికెళ్లండి.

అయిదో సూత్రం: గాలిని సరిచేయబోకండి

గంటకు మూడున్నర కిలోమీటర్ల గాలి మొహానికి సరిగ్గా తెలియను కూడా తెలియదు. అది అడ్డంగా వీస్తే ఈ చిన్న గుండు 50 మీటర్లలో ఆరేడు మిల్లీమీటర్లు పక్కకి పోతుంది, అంటే తన మందం కన్నా ఎక్కువ. అందుకే బల్లకీ లక్ష్యానికీ మధ్య రిబ్బన్ తోకలున్న జెండాలు పాతుతారు. బల్లకి దగ్గరగా ఉన్న జెండాని ఎక్కువ గమనిస్తారు. మొదట్లోనే పక్కకి నెట్టబడిన గుండు మిగతా దూరమంతా ఆ పక్కకే పోతుంది కాబట్టి.

1980ల్లో టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో కొందరు ఒక పెద్ద గోదాము లోపల, గాలి అనేదే లేని చోట, రాత్రిళ్లు రైఫిళ్లు పరీక్షించారు. బెంచ్‌రెస్ట్ వాళ్లు ఇప్పటికీ ఆ కథ చెప్పుకుంటారు. గాలి మీద నెపం వేసే వీలు పోయేసరికి ఏ బ్యారెల్ మంచిదో, ఏది కాదో తేటతెల్లమైంది.

మనకి గోదాము దొరకదు. జెండాలు మాత్రం పాతుకోవచ్చు. మంచి ఆటగాడు గాలితో పోట్లాడడు. జెండాలు తనకి తెలిసిన తీరులోకి వచ్చేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకుండా ఆగుతాడు, వచ్చాక జంకకుండా కాలుస్తాడు. బాస్ మూడ్, పరీక్ష వాయిదా, వర్షం, ఇవన్నీ గాలి. నోటుబుక్కులో వాటికో గడి ఉండాలి, వాటిని మార్చాలన్న పట్టు ఉండకూడదు.

ఆరో సూత్రం: ఒక్క మంచి గ్రూపుకి మురిసిపోకండి

1973లో మాక్ మెక్‌మిలన్ అనే ఆయన 100 గజాల దూరంలో అయిదు గుళ్లు కాల్చాడు. గుళ్ల కేంద్రాల మధ్య ఎడం అంగుళంలో వెయ్యింట తొమ్మిది వంతులు, అంటే మిల్లీమీటరులో పావు వంతు కూడా లేదు. ఆ రికార్డు 40 ఏళ్లు నిలిచింది. అలాంటిది జీవితంలో ఒకసారి వస్తుంది. అందుకే ఆ రకం పోటీల్లో గెలుపు నిర్ణయించేది ఒక్క గ్రూపు కాదు, అయిదు గ్రూపుల సగటు.

మనం సరిగ్గా తిరగేసి చేస్తాం. ఒక్క మంచి గ్రూపు అట్ట చింపి పర్సులో పెట్టుకుంటాం, మిగతా నాలుగూ చెత్తబుట్టలో వేస్తాం. ఒక రోజు పది కిలోమీటర్లు నడిచింది పదేళ్లు చెప్పుకుంటాం. మార్పు పనిచేసిందో లేదో చెప్పాల్సింది సగటు. చెత్తబుట్టలో వేసిన అట్టలు కూడా లెక్కలోకి రావాలి.

మీ నోటుబుక్కు పేజీ

ఈ నెలలో మీరు బాగుచేయాలనుకున్న పని ఒక్కటి ఎంచుకోండి. అది చదువైనా సరే, దుకాణమైనా, బరువు తగ్గడమైనా సరే. పేజీకి అయిదు గడులు గీయండి.

1. తేదీ, ఇప్పుడున్న ఫలితం. అంకెలో రాయండి, “బాలేదు” అని రాయకండి.
2. వదులుగా ఉన్న మరలేమైనా ఉన్నాయా? నిద్ర, ఆరోగ్యం, కూర్చునే చోటు, చేతిలో ఉండాల్సిన వస్తువులు. ఉంటే ఈ వారం పని అదే, మూడో గడికి వెళ్లొద్దు.
3. ఈ వారం మార్చేది ఒక్కటి.
4. ఈ వారం గాలి ఎలా ఉంది? మీ చేతిలో లేనివి రెండు ముక్కల్లో.
5. వారం చివర ఫలితం. అయిదుసార్లు కొలిచి, సగటు.

నాలుగు వారాలు తిరిగేసరికి మీ దగ్గర నాలుగు పేజీలుంటాయి. అప్పుడు మద్దెల ఓడు అనాలనిపిస్తే నిరభ్యంతరంగా అనండి, ఎక్కడ ఓడో కూడా చూపించగలరు. తప్పు మీదే అని తేలినా భయం లేదు, ఎక్కడ దిద్దుకోవాలో ఆ పేజీలోనే ఉంటుంది.

నా రైఫిల్ చివరికి ఎంత దగ్గరగా కాల్చిందో చెప్పలేదు కదూ. ఆ ఏడాది చివరికి అయిదు గ్రూపుల సగటు 8 మిల్లీమీటర్లు. క్లబ్బులో అది గొప్పేమీ కాదు. కానీ 12 నుంచి 8కి ఎలా వచ్చానో పేజీ పేజీకి చూపించగలను. అందులో మొదటి పేజీ మీద ఒకే ఒక్క మాటుంది: మర.

మీ మొదటి పేజీ ఈ రాత్రే తేదీ వేసి మొదలుపెట్టండి. ఒక్కటే మార్చండి. రెండోది వచ్చే వారం చూద్దాం.